అందరి మనసులూ తెలిసిన మామ

బస్సు జమ్మలమడుగు దాటి పెన్నేటి వంతెన ఎక్కింది. చిన్నోడు నా ఒళ్లో కూర్చుని బిస్కెట్టు నాకుతున్నాడు. పెద్దది కిటికీకి ముక్కు ఆనించి, "అమ్మా, నీళ్లల్లో కుక్క నిలబడుకోనుంది చూడు" అంది. నేను కుక్క కోసం చూశాను. ఇసుక మధ్య సన్నటి పాయలో మోకాళ్లదాకా దిగి నిలబడి ఉంది అది. సరిగ్గా అప్పుడే, ఇంకాసేపట్లో నేను చనిపోతానని నాకు తెలిసింది.

అనుమానం రాలేదు, తెలిసింది. చెయ్యి కాలితే కాలిందని తెలిసినట్టు. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోంది. వేళ్లు మొద్దుబారాయి. చెవుల్లో దూది కుక్కినట్టు బస్సు చప్పుడు దూరమైపోయింది. ప్రమాదం ఎటునుంచి వస్తోందా అని ముందూ వెనకా చూశాను. డ్రైవరు నెమ్మదిగానే తోలుతున్నాడు. ముందు సీట్లో ఒకామె చెనక్కాయలు ఒలుచుకుని తింటోంది. ఎక్కడా ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసి భయం ఇంకా పెరిగింది. చిన్నోణ్ని చంకనేసుకుని, పెద్దదాని రెక్క పట్టుకుని "ఆపండి, ఆపండి" అని అరిచాను. వంతెన అవతల గట్టున మమ్మల్ని దించేసి బస్సు పులివెందులకు వెళ్లిపోయింది.

మా ఆయన ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పని చేస్తాడు. నేను ఫోన్లో చెప్తే, తను వచ్చేసరికి ఆలస్యమవుతుందని మామకు ఫోన్ చేశాడు. మామ అంటే మా అత్తకు తమ్ముడు. జమ్మలమడుగులో మా పక్క వీధిలోనే ఉండేవాడు. ఇదే దారిలో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. దిగి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మొహం కంటే కాళ్లనే ఎక్కువసేపు చూశాడు.

"కొత్త చెప్పులు" అన్నాడు. "అర్థమాయ. నీ మనసు పుట్టింటి మీద పడింది."

"పుట్టింటికే గదా మామా పోతాండేది!"

"అదే నేనూ చెప్తాండా. బస్సు పోయేదాకా గూడా ఆగలేకపోయినావు."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. అంత భయంలో నవ్వొచ్చినందుకు మళ్లీ ఏడుపొచ్చింది. మామ చిన్నోణ్ని ఎత్తుకుని, "రైట్, పదండి" అన్నాడు.

ఆ మామ ఈ మధ్యనే చనిపోయాడు. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఆయన ఎప్పుడు ఉద్యోగంలో చేరాడో, ఎంతవరకు చదివాడో అడిగితే మా అత్త చెప్తుంది. నాకు అవేవీ తెలియవు. నాకు తెలిసింది ఆయన నిలబడే తీరు.

ఎవరింటికి పోయినా మామ వెంటనే కూర్చునేవాడు కాదు. ఒక కాలు గడప మీద, ఒక చెయ్యి పైన ద్వారబంధానికి, ఒళ్లు కొంచెం బయటికి వాల్చి నిలబడేవాడు. ఇల్లు ఏ క్షణమైనా కదుల్తుందని ఆయన నమ్మకం. "లోపలికి రా మామా" అంటే, "ముందు నీ మొహం చూడనీ" అనేవాడు. మొహం చూసి, చెప్పులు చూసి, పొయ్యి వైపు ఒకసారి ముక్కు ఎగబీల్చి, ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో చెప్పేసేవాడు. ఆ తర్వాతే లోపలికి.

పెళ్లి ఇళ్లలో, చావు ఇళ్లలో కూడా ఆయన గొంతు ఒకటే. "ముందుకు జరగండప్పా, లోపల ఖాళీగానే ఉండాది." ఏ మాటైనా ముగించాలంటే "రైట్." మా పెళ్లిలో తాళి కట్టగానే అక్షింతలు వేస్తూ "రైట్ రైట్" అన్నాడు. వీడియోలో మంగళవాయిద్యాల మధ్య అది స్పష్టంగా వినిపిస్తుంది. చుట్టాలు ఎవరొచ్చినా ఆ ముక్క మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూస్తారు. ఆ మాట అన్నాక మా సంసారం కదలకుండా ఎట్లుంటుందని మామ వాదన.

మనసు గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "మనిషన్నాక యాడికో ఒగ చోటికి పోతాంటాడు. ఆ చోటు కనుక్కుంటే మనిషిని కనుక్కున్యట్టే." కిటికీలోంచి బయటికి చూసే ఆడమనిషి పుట్టింటికి పోతున్నట్టు, ఒళ్లో సంచిని చూసుకుంటూ కూర్చున్న ఆడమనిషి పుట్టింటి నుంచి వస్తున్నట్టు. బస్సు ఎప్పుడు చేరుతుందని రెండోసారి అడిగేవాడు ఆస్పత్రికి, అసలు అడగనివాడు కోర్టుకు. ముందు కడ్డీని గట్టిగా పట్టుకున్నవాడు ఇంట్లో కొట్లాడి వచ్చినవాడు. ఉద్యోగం వదిలాక ఆ లెక్కలన్నీ తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. మా అత్త అలిగితే, "దానికి కోపం కాదమ్మీ. ఎవురన్నా బతిమాలితే బాగుంటాదని ఉంది" అనేవాడు. చిన్నోడు ఏడిస్తే, "వానికి బొమ్మ వద్దు. వాళ్లక్క చేతిలో ఉండే బొమ్మ కావాల." ఎక్కువసార్లు నిజమే అయ్యేది. కాకపోయినా వినడానికి బాగుండేది.

నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదివాను, సైకాలజీ ఒక సబ్జెక్టుగా. మొదటి క్లాసులో మా మేడం ఒక మాట చెప్పారు. ఎదుటివాళ్లు ఏం కోరుకుంటున్నారో, ఏం అనుకుంటున్నారో ఊహించకుండా ఎవరూ ఒక్కపూట కూడా బతకలేరు, కాబట్టి మనసు గురించి ప్రతి ఇంట్లోనూ ఒక శాస్త్రం ముందే ఉంటుంది. మనం చదవబోయేది దాన్ని పారేయడానికి కాదు, సరిచూడడానికి. ఆ మాట నాకు చాలా నచ్చింది. పెళ్లయి వచ్చాక మామను చూసి, సరిచూడడానికి ఇంతకంటే మంచి మనిషి దొరకడనుకున్నాను.

మామకు నా చదువంటే ఎగతాళి. "మనసుల చదువు చదివిందంట. అత్తకు ఉప్పు ఎంత కావాల్నో ఇంగా తెల్లేదు."

ఒక ఎండాకాలం సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. పెద్దదాని పలక తెచ్చుకున్నాను. "మామా, దావన పోయేవాళ్లు యాడికి పోతాండారో నువ్వు చెప్పు. నేను వాళ్లనే అడుగుతా. ఒప్పయితే ఒగ గీత, తప్పయితే ఇంటూ."

"రాసుకో" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఎవరో ఒకతను గబగబా పోతున్నాడు. "పెండ్లాంతో కొట్లాడినాడు. టీ తాగేదానికి పోతాండాడు."

"అన్నా, యాడికి?" అని అడిగాను.

"పాప టిఫిన్ డబ్బా ట్యూషన్ లో మర్చిపోయి వచ్చింది తల్లీ, తెచ్చేదానికి."

ఇంటూ పెట్టబోతే మామ పలక పట్టుకున్నాడు. "ఆగు. అమ్మా నాయనా కొట్లాడితేనే గదా పిల్ల డబ్బా మర్చిపోయేది!"

అట్లా సాయంత్రమంతా. సంచిలో కోడిని పెట్టుకుపోతున్న ఆయన గుడికి పోతున్నాడన్నాడు. తీరా ఆ కోడికి కాలు విరిగి ఆయన పశువుల డాక్టరు దగ్గరికి పోతున్నాడు. పూలు పెట్టుకున్న అమ్మాయి సినిమాకు అన్నాడు, ఆమె కంటి పరీక్షకు. పలక నిండా ఇంటూలే. చివర్లో బుర్ఖా వేసుకున్న ఒక పెద్దామె వచ్చింది. మామ కండ్లు చిట్లించి, "కొడుకు కువైట్ నుంచి వచ్చాండాడు. నడక చూడు, కాళ్లు భూమికి ఆనడంల్యా" అన్నాడు.

"అత్తా, యాడికి?"

"మటన్ తెచ్చేదానికమ్మా. కొడుకు కువైట్ నుంచి వచ్చాండాడు."

మామ లేచి నిలబడ్డాడు. తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో, మరునాడు వీధిలో, ఆ వారమంతా టీ అంగట్లో తిరిగిన కథ కువైట్ కథ ఒక్కటే. నేను పలక తీసుకుపోయి ఆయన మొహం ముందు పెట్టాను. తువ్వాలుతో శుభ్రంగా తుడిచేశాడు.

"తప్పులు నువ్వు రాసుకో. ఒప్పులు నేను గుర్తు పెట్టుకుంటా. పని ఇద్దరికీ సమానం."

"మనుషులంతా ఇంతే మామా. తగిలింది గుర్తుంటాది, తప్పింది మర్చిపోతాం. దీన్ని పుస్తకాల్లో గూడా రాసినారు."

"నువ్వు గూడా అంతేనా?"

"నేనూ అంతే."

"అట్లయితే ఇంగ దాన్ని తప్పంటావేంది" అని టీ పెట్టమన్నాడు.

వంతెన దగ్గర దిగిపోయిన తర్వాత మా ఇంట్లో నా గురించి పెద్ద చర్చ జరిగింది. మా అత్త దిష్టి అంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు, అందుకని శానా పెద్ద దిష్టి అని తీర్మానించింది. ఎదురింటామె గ్యాస్ అంది. ఇంకొకామె జడుపు అని దర్గాకు పిల్చుకుపోయింది. అక్కడి పెద్దాయన కండ్లు మూసుకుని ఏదో చదివి నా నుదుటి మీద ఊదాడు. నేను కాదనలేదు. ఆ ఊపిరి చల్లగా తగిలింది, ఆ రోజు బాగా నిద్రపట్టింది కూడా. పొద్దున లేచి బస్సును తలుచుకుంటే భయం అక్కడే ఉంది. ప్రొద్దుటూరులో గుండె పరీక్ష చేయించాం. గుండె గట్టిగా ఉందన్నారు.

నాకు దాని పేరు తెలియకపోలేదు. పానిక్ ఎటాక్. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అయితే పేరు తెలిసినందువల్ల అది రాకుండా ఆగలేదు.

మామ మాత్రం పుట్టిల్లు అన్న మాట మీదే ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా పులివెందులకు ఫోన్ చేసి మా అమ్మను రప్పించాడు. అమ్మ పప్పూ బెల్లం పూర్ణం పెట్టి పెద్ద డబ్బాడు ఓళిగలు చేసుకుని దిగింది. కొన్నాళ్లుంది. నేను ఓళిగలు తిన్నాను, తలకు నూనె పెట్టించుకున్నాను, ఆమె ఒళ్లో పడుకున్నాను. హాయిగా ఉంది. ఆమె వెళ్లే రోజు బస్టాండు దాకా సాగనంపడానికి బయల్దేరి, మలుపులో బస్సు హారన్ వినగానే వెనక్కి వచ్చేశాను.

మామ గడప మీద కాలు పెట్టి చాలాసేపు నన్నే చూశాడు.

"అమ్మ వచ్చె. ఓళిగలు తింటివి. ఇంగేం కావాలమ్మీ నీకు?"

"ఏమీ వద్దు మామా."

"ఏమీ వద్దంటే ఎట్ల? యాడికీ పోనోనికి టిక్కెట్టు ఎట్ల కొట్టేది?"

ఆయన మొహంలో మొదటిసారి అయోమయం చూశాను. మామ తప్పు అక్కడే ఉంది. మామదే కాదు, మనందరిదీ. మనిషి ఏం చేసినా దాని వెనక ఒక కోరికో, ఆలోచనో ఉండి తీరాలనుకుంటాం. చాలావరకు ఉంటుంది కూడా. ఆ లెక్కతోనే కాపురాలు చేస్తాం, బేరాలు చేస్తాం, పిల్లల్ని పెంచుతాం. కానీ ఆ కోరికల కింద ఇంకో అంతస్తు ఉంది. అక్కడ ఒళ్లు తనంతట తాను పనిచేస్తుంటుంది, ఎవరి కోరికతోనూ దానికి సంబంధం లేదు. ఇది మామకు చెప్పాలి. పుస్తకంలో పొగ అలారం ఉదాహరణ ఉంటుంది, నిప్పు లేకుండా మోగే అలారం. మామ పొగ అలారం ఎన్నడూ చూడలేదు.

"మామా, బస్సులో హారన్ ఎప్పుడన్నా ఇరుక్కుపోయిందా?"

ఆయన మొహం వెలిగింది. "ఒగసారి ఇరుక్కునింది. ముద్దనూరు నుంచి తొండూరు దాకా మోగుతానే ఉంది. రోడ్డు మీద మనిషి ల్యా, బర్రెగొడ్డు ల్యా. చేన్లల్లో ఉండేటోళ్లు ఎవురో మంత్రి వచ్చాండాడని లేసి దండం పెట్టినారు. డ్రైవరు సిగ్గుతో చచ్చిపోయినాడు."

"ఎవుర్ని అడ్డం లెమ్మని మోగింది?"

"ఎవుర్నీ కాదు. వైరు యాడో తగులుకునింది."

"నాదీ అంతే మామా."

ఆయన గడప మీదినుంచి కాలు తీశాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. "అయితే నీకు పుట్టిల్లు వద్దా?" అన్నాడు.

"పుట్టిల్లు కావాల. హారనే వద్దు."

మరునాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. "మా కోడలికి హారన్ ఇరుక్కునింది. మనసు బంగారం. వైరు ఒగటే." కూరగాయలకు పోతే అడిగేవాళ్లు, "హారన్ ఎట్లుందమ్మీ?" మొదట ఒళ్లు మండింది. తర్వాత గమనించాను, పిచ్చి అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అట్లే రోజులు గడిపేసేదాన్నేమో. బస్సు ఎక్కకుండా కూడా బతకొచ్చు. మా ఆయన బండి ఉంది, అమ్మే వచ్చి పోతుంది. కానీ పెద్దదాని బడిలో గండికోటకు పిల్చుకుపోతామన్నారు. పిల్లలంతా గంతులు వేస్తుంటే ఇది ఇంటికొచ్చి పుస్తకాల సంచి పడేసి, "నేను పోను. బస్సులో చచ్చిపోతాం" అంది. ఎవరు చెప్పారని అడిగాను. "నువ్వే" అంది. నేనెప్పుడూ ఆ మాట అనలేదు. ఆ రోజు వంతెన మీద దాని రెక్క పట్టుకున్నాను చూడండి, ఆ పట్టు చెప్పింది దానికి. నా భయం నాతో ఆగదని, పిల్లలకు ఆస్తిలాగా ఇచ్చిపోతానని అప్పుడు అర్థమైంది. ఆ వారమే ప్రొద్దుటూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి పోయాం.

మేము బండి మీద పోయాం. మామ బస్సులో మాకంటే ముందే పోయి అక్కడ గడప మీద నిలబడి ఉన్నాడు.

"మీకు అప్పుడు ఏమనిపించింది?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"ఆయమ్మికి ముందు నుంచీ..." అని మామ మొదలుపెట్టాడు.

"మీరు కాదండీ. ఆమె చెప్పాలి."

మామను ఎవరైనా మధ్యలో ఆపడం నేను అప్పుడే చూశాను. తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ నింపమని ఇచ్చిన ప్రశ్నల కాగితంలో భయానికి ఆందోళన అని ఒకే మాట ఉంది. నేను చెప్పాను, నాకు రెండున్నాయి, దడ వేరే, గుబులు వేరే అని. దడ ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అది మళ్లీ ఎప్పుడొస్తుందోనని దినమంతా ఉండేది గుబులు. డాక్టరమ్మ కలం ఆపి నవ్వింది. "సరిగ్గా విడదీశారు. దడ ఎవరినీ చంపదు. మిమ్మల్ని బస్సు ఎక్కకుండా ఆపుతున్నది గుబులు" అంది. దిగిపోయిన ప్రతిసారీ అది బలపడుతుందట. అందుకని పారిపోకుండా, కొద్దికొద్దిగా, మెట్లు మెట్లుగా అలవాటు చేసుకోవాలి. భయం వచ్చినా తగ్గేదాకా అక్కడే ఉండాలి.

"మెట్లా మేడం?" అన్నాడు మామ ఆగలేక. "స్టేజీలంటే సరిపోతాది. ఒగ్గో స్టేజీ నేను పిల్చుకుపోతా."

మొదట నిలబడిన బస్సులో ఊరికే కూర్చుని దిగాం. తర్వాత వంతెన ఇవతలి దాకా. తర్వాత వంతెన. మామ నా పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకునేవాడు. నిమ్మకాయ వాసన చూపించేవాడు. డ్రైవర్ల మీద కథలు చెప్పేవాడు. "కండ్లు మూసుకో అమ్మీ, వంతెన అయిపోయినాక చెప్తా" అనేవాడు. వంతెన మొదట్లోనే "అయిపోయింది" అని అబద్ధం చెప్పాడు ఒకసారి. నేను కళ్లు తెరిచి, నీళ్లు చూసి, ఆయన చేతిని గిచ్చి రక్తం తెప్పించాను.

డాక్టరమ్మకు చెప్తే తల అడ్డంగా ఊపింది. ఇట్లా చేస్తే మామ ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదని నేర్చుకుంటారు, వంతెన మీద ఏమీ కాదని నేర్చుకోరు అంది. కళ్లు తెరిచి ఉండాలి. మామ దూరంగా కూర్చోవాలి.

"నన్నే దించేస్తాండాది ఆయమ్మ" అని మామ రెండు రోజులు అలిగాడు. ఎవరైనా బతిమాలితే బాగుంటుందని ఉందని మా అత్త అంటే నవ్వేసి లేచాడు. ఆ తర్వాత మాట తప్పలేదు. పక్క సీటు నుంచి వెనక సీటుకు, దాని వెనక సీటుకు, అట్లా జరుగుతూ పోయాడు. అయితే నోరు ఊరకుండేది కాదు. వంతెన రాగానే వెనకనుంచి "అమ్మీ, ఊపిరి పీల్చు! రోంత ఆపు! ఇడ్సు!" అని అరిచేవాడు. బస్సులో సగం మంది ఊపిరి పీల్చి ఆపేవాళ్లు. చంకలో మేకపిల్లను పెట్టుకున్న ఒకాయన, "ఎంతసేపు ఆపాల మామా?" అని అడిగాడు.

ముద్దనూరు దాకా పోయిన రోజు మామ ఆఖరి వరుసలో ఉన్నాడు, నేను ముందు సీట్లో ఒక్కదాన్నే. దడ వంతెన మధ్యలో వచ్చింది. కళ్లు తెరిచి నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. పెరిగింది, ఇంకా పెరిగింది, ఆ తర్వాత పెరగడానికి చోటు లేక తగ్గింది. ఎవరూ తగ్గించలేదు. వెనకనుంచి ఆ రోజు మామ అరవలేదు కూడా.

ముద్దనూరు బస్టాండులో బజ్జీలు తింటూ ఉత్సాహంగా అడిగాను. "అందరికీ ఏం కావాల్నో చెప్తావు గదా, నీకేం కావాల మామా?"

ఆయన వచ్చే బస్సులను, పోయే బస్సులను చూశాడు. "మీ అత్త పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు" అన్నాడు. అంటే తన భార్య. "జనాలు రాతిగుండె అన్న్యారు. ఏమో అని నేనూ లోపల చూసుకున్యా. ఏం కనపళ్లా. ఎదుటోళ్లది చెప్పడం సులభమమ్మీ. నాది నాకు తెల్దు."

మనుషులు తమ మనసును కూడా బయటివాళ్లలాగే ఊహించుకుంటారని చదువుకున్నాను. అది చెప్పొచ్చు. నోట్లో బజ్జీ ఉంది, అది నమిలేసరికి చెప్పాలనిపించలేదు.

"టీ కావాల" అన్నాడు మామ. ఇద్దరం టీ తాగి తిరుగు బస్సు ఎక్కాం.

ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు ఎక్కువై పులివెందులలో కూతురింటికి వెళ్లాడు. మిగిలిన దారి నేను పిల్లలతో ఒక్కదాన్నే రావాలని ఒప్పందం. పెద్దదాని పరీక్షలయ్యాక వస్తామన్నాను. ఫోన్లో కూడా ఆయనది అదే గొంతు. "వచ్చేటప్పుడు పాత చెప్పులు ఏసుకోని రా. కొత్తవి కరుచ్చాయి."

ఒక సాయంత్రం కబురొచ్చింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు లేవలేదు. మా ఆయన, మా అత్త అప్పటికప్పుడు కారులో బయల్దేరారు. చుట్టాలతో కారు నిండిపోయి మాకు చోటు లేదు. "పొద్దునకు మీకొక కారు మాట్లాడనా?" అని మా ఆయన అడిగాడు. ఆలోచించేలోగా "వద్దు, బస్సులో వస్తాం" అనేశాను. అన్నాక గుబులు మొదలైంది. మా అత్త కళ్లు తుడుచుకుంటూ, "పిల్లోళ్లకు తాత నిద్రపోయినాడని చెప్పు" అంది. ఎదురింటామె, "అట్లెందుకు, కువైట్ కు పోయినాడని చెప్పు. మా పిల్లోళ్లకు అదే చెప్పినాం" అంది. ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. కానీ పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు. నిద్ర అంటే నిద్రకు భయపడతారు. కువైట్ అంటే ఎదురు చూస్తారు. వాళ్ల నాయన పనికి పోతున్నా, ఇంక రాడేమోనని కాళ్లకు చుట్టుకుంటారు.

పొద్దున పెద్దది పళ్లు తోముకుని వచ్చింది. చిన్నోడు పాల గ్లాసుతో నేల మీద కూర్చున్నాడు. నేనూ వాళ్లతోపాటు నేల మీదే కూర్చున్నాను.

"తాత చనిపోయినాడు" అన్నాను. "చనిపోవడమంటే ఊపిరి ఆగిపోవడం. ఇంక తాతకు ఆకలి కాదు, మోకాళ్లు నొయ్యవు. అది నిద్ర కాదు. నిద్రపోతే మనం లేస్తాం. తాత లెయ్యడు."

"రేపు?" అన్నాడు చిన్నోడు.

"రేపు గూడా లెయ్యడు నాయనా."

పెద్దది నా చేతుల వైపు చూసింది. "మనం బస్సులో పోతామా? నీకు భయమా అమ్మా?"

"రోంత ఉంది. వంతెన మీద ఎక్కువైతాది. నా చేతులు చల్లగవుతాయి, గుండె గబగబా కొట్టుకుంటాది. అప్పుడు నేను మీకు చెప్తా. మనం దిగం. కిటికీలోంచి చూసుకుంటా కూచుంటాం. అదే తగ్గిపోతాది. నీకు భయమైతే నువ్వూ చెప్పు. తాత కోసం ఏడుపొస్తే ఏడువు, రాకపోతే ఊరికే కూచో. ఎందుకని నేనడగను."